వేన్నీళ్ల వసంతమ్మ పరీక్ష

మూడో అంతస్తు మెట్ల మలుపులో వసంతమ్మ ఆగి, కుడిచేతిలోని బకెట్‌ను ఎడమచేతికి మార్చుకుంది. చుక్క తొణకలేదు. ఇరవై ఆరేళ్లుగా ఆ మలుపులోనే ఆమె చేయి మారుస్తోంది. అక్కడ ఆమె భుజం ఆనే చోట గోడ సున్నం అరిగి నున్నగా తయారైంది.

'షవర్' అనుకుంది ఒక మెట్టెక్కి. జల్లెడలోంచి కురిసినట్టు పైనుంచి పడే నీళ్లు. 'రిన్స్' అనుకుంది ఇంకో మెట్టెక్కి. సబ్బు పోయేదాకా నీళ్లతో కడగడం. మూడో మెట్టు మీద మాట గుర్తుకొచ్చింది గాని అర్థం రాలేదు. లాదర్. లాదరంటే ఏమిటి? నిన్న పొద్దున దామోదరం చెప్పాడు. పడుకోబోయే ముందు కూడా గుర్తుంది. తెల్లారేసరికి ఎవరో తడిగుడ్డతో తుడిచేసినట్టు పోయింది.

తొమ్మిదో నంబరు గదిలో పెద్దాయన అప్పటికే తలుపు తీసి, భుజాన తువ్వాలుతో వణుకుతూ నిలబడి ఉన్నాడు. వసంతమ్మ లాదర్‌ను మెట్టు మీదే వదిలేసి బకెట్ లోపల పెట్టింది. ఆయన వేలు ముంచబోతే వద్దని ఆపి, మూలనున్న కుళాయి నీళ్లు రెండు చెంబులు కలిపింది. డెబ్బై దాటిన ఒంటికి ఎంత వేడి పనికొస్తుందో ఆమెకు మనిషి ముఖం చూస్తేనే తెలుస్తుంది. కర్ణాటక వాళ్లకు పొగలు కక్కాలి. కోనసీమ నుంచి వచ్చేవాళ్లు ముట్టుకుంటే చాలు, కాలిపోయిందంటారు. కొత్తగా పెళ్లయిన జంటలకు ఎలా ఉన్నా ఒకటే, బకెట్ తెచ్చినట్టు కూడా వాళ్లకు గుర్తుండదు.

తిరుపతి రైల్వేస్టేషన్ వెనక సందులో ఉన్న వకుళా లాడ్జికి మూడంతస్తులు, పన్నెండు గదులు, ఒక పెరడు, ఆ పెరట్లో ఒక బాయిలర్. కొండకు పోయేవాళ్లంతా తెల్లవారుజామునే లేచి తలస్నానం చేస్తారు కాబట్టి నాలుగు నుంచి తొమ్మిది దాకా వసంతమ్మ కాలు నిలవదు. పొట్టి మనిషి. చామనఛాయ. బకెట్లు మోసి మోసి కుడిభుజం ఎడమభుజం కంటే అంగుళం దిగింది. గోళ్లు ఎప్పుడూ నానినట్టు తెల్లగా ఉంటాయి. చీర కుచ్చెళ్లు ఎగదోపి, నుదుట రూపాయంత బొట్టు పెట్టుకుని ఆమె మెట్లెక్కుతుంటే ఆ చలిలో కూడా ముక్కు మీద చెమట కనిపిస్తుంది. నాలుగేళ్ల కిందట మొగుడు పోయినప్పుడు ఆ బొట్టు తీసెయ్యమన్న వాళ్లున్నారు. పదకొండో రోజు కర్మ ముగించుకుని, పన్నెండో రోజు మళ్లీ పెట్టుకుని పనికొచ్చింది. కొండకు పోయేవాళ్లకు నా ముఖం ఎదురొస్తే మంచి జరగాలి గదా అంది.

ఈ లెక్కన లోకమంతా వేన్నీళ్లు పోసుకున్నాక, తొమ్మిదిన్నరకు బాయిలర్‌లో వేడి అయిపోతుంది. వసంతమ్మ అప్పుడు పెరట్లో తడికల చాటున, తొట్టిలో మిగిలిన చన్నీళ్లు నాలుగు చెంబులు పోసుకుని ఒళ్లు జలదరించుకుంటూ బయటికి వస్తుంది. పెళ్లివారింట్లో వడ్డించిన వాడికి చివర్లో చారే మిగిలినట్టు. దానికి ఆమె ఎప్పుడూ బాధపడలేదు. అసలా సంగతి ఆమెకు తట్టనే లేదు.

ఖాళీ బకెట్‌తో ఆమె పెరట్లోకి వచ్చేసరికి దామోదరం బాయిలర్ ముందు గొంతుక్కూర్చుని సరుగుడు కట్టె ఎగదోస్తున్నాడు. పొడుగాటి, ఎండిపోయిన మనిషి. ముప్పై ఏళ్లు నిప్పు ముందు కూర్చోవడంతో కనుబొమలు సగం కాలి, ఎప్పుడూ ఏదో చూసి ఆశ్చర్యపోతున్నట్టుంటాడు. బనియన్ నిండా నిప్పురవ్వల చిల్లులు. సొంతూరు ఐరాల. భార్య వరలక్ష్మమ్మ అక్కడే ఉంటుంది. పక్షానికొకసారి కాణిపాకం బస్సెక్కి పోయి ముఖం చూపించి వస్తాడు.

ఆ బాయిలర్‌కు ఒక నియమం ఉంది. పైన గరాటులో బకెట్ చన్నీళ్లు పోస్తేనే కింద గొట్టంలోంచి బకెట్ వేన్నీళ్లు వస్తాయి. పోయకుండా పట్టుకుందామంటే చుక్క రాలదు. లాడ్జి యజమాని వచ్చినా, జిల్లా అధికారి వచ్చినా ఆ నియమానికి తిరుగులేదు. పోసినవాడికే పట్టుకునే హక్కు అని దామోదరం కొత్తగా వచ్చిన వాళ్లందరికీ చెప్తాడు. ఏ బకెట్ ఏ గదికో తెలియడానికి దాని మీద సుద్దముక్కతో నంబరు వేస్తాడు. అక్కడున్న పదిహేను బకెట్లూ లాడ్జివే. ఇంకొక్కటి మాత్రం దామోదరం సొంతం. తాత కాలం నాటి ఇనప బకెట్. పిడికి తీగ చుట్టి, అడుగున మాటు వేయించి, దాన్ని ఎవరినీ తాకనివ్వడు. అతను స్నానం చేసేది దాంతోనే.

"లాదర్" అంది వసంతమ్మ బకెట్ దించుతూ.

"నువ్వే సెప్పాల" అన్నాడు దామోదరం తల తిప్పకుండా.

"తెలిస్తే అడుగుతానా?"

"పదకొండు గంటలకు పరీక్షలో ఆయప్ప అడిగేటప్పుడు నన్ను పిలుస్తావా ఏంది? గుర్తుకొస్తాది పో" అని అతను బకెట్ మీద పదకొండు అని వేసి ముందుకు తోశాడు. మరో రోజైతే ఆమె రెండు తిట్లు తిట్టేది. ఇవాళ తిట్టే ధైర్యం లేదు. పంతులు అతనే, పోటీదారూ అతనే.

జరిగింది ఇదీ. లాడ్జి యజమాని కూతురు హేమశ్రీ చదువు ముగించుకుని నిరుడు లాడ్జి లెక్కలు చూసుకోవడానికి వచ్చింది. వచ్చిన రోజు నుంచీ బాయిలర్ పొగకు ముక్కు మూసుకుంటూనే ఉంది. మంచి పిల్లే. వసంతమ్మను పెద్దమ్మా అని పిలుస్తుంది. కాని పొగ పొగే గదా. సంక్రాంతి ముందే అన్ని గదుల్లో గీజర్లు పెట్టించింది, గోడలకు పలకలు వేయించింది, షవర్లూ చేతిషవర్లూ బిగించింది. జనం ఇంకా బకెట్లే అడుగుతున్నా, ఈ పూటతో బాయిలర్ ఆరిపోతుంది. రేపు పాతసామాను వాళ్లొచ్చి కోసుకుపోతారు.

గీజర్లొచ్చాక వేన్నీళ్లు మోసే మనిషెందుకు, కాచే మనిషెందుకు? ఒక్క మనిషి కావాలి. గదిలోకి దిగిన యాత్రికులకు ఏ మీట నొక్కాలో, ఏ పిడి ఎటు తిప్పాలో చూపించే మనిషి. ఊళ్ల నుంచి వచ్చేవాళ్లు ఎర్రగుర్తు వైపు తిప్పి వీపు కాల్చుకోకూడదు. మొదట హేమశ్రీ ఫోన్‌లో అర్థాలు వెతికి, తెలుగులో కాగితాలు అచ్చువేయించి తలుపులకు అంటించింది. గీజర్ అన్న చోట 'ఉష్ణజల ఊట' అని పడింది. అది చదివి కడప నుంచి వచ్చిన ఒక పెద్దాయన, ఊట ఎక్కడుందమ్మా, తీర్థం పుచ్చుకోవచ్చా అని అడిగాడు. ఆ కాగితాలు మర్నాడే చించేశారు.

కాబట్టి మనిషే కావాలి. ఆ మనిషికి స్నానాలగదిలో వాడే ఇంగ్లీషు మాటలు పన్నెండు తెలిసుండాలి. సామాను బిగించిన కంపెనీ తరఫున ప్రతాప్ అనే అతను వచ్చి అడుగుతాడు. దామోదరం, వసంతమ్మ, ఇద్దరూ కూర్చోవచ్చు. ఎవరికి ఎక్కువ తెలిస్తే వాళ్లకు ఉద్యోగం. హేమశ్రీ ఈ మాట చెప్పి నెలైంది.

వసంతమ్మ చదువు ఐదో తరగతి, అదీ తెలుగు. దామోదరం పదో తరగతి దాకా పోయి తప్పినవాడు. ఇంగ్లీషు అక్షరాలు గడగడా చదువుతాడు. ఇంక పోటీ ఏముంది, నేను ఇంట్లో కూర్చుంటానని ఆమె ఆ రోజే అనేసింది. అనడమైతే అంది గాని, ఆ రాత్రి కొర్లగుంటలో తన గదిలో కూర్చుని చుట్టూ చూస్తే నాలుగు గోడలు, ఒక స్టవ్వు, మొగుడి ఫొటో. తెల్లారి లేస్తే పలకరించే ముఖం ఉండదు. రోజుకు నలభైమంది కొత్తమనుషుల నిద్రముఖాలు చూసిన కళ్లకు అది మాత్రం భయం వేసింది. జీతం తగ్గితే తగ్గింది, మనుషులు లేకపోతే ఎలా బతకాలి?

మర్నాడు పొద్దున ఆమె వచ్చేసరికి బాయిలర్ పొట్ట మీద సుద్దతో తెలుగు అక్షరాల్లో ఒక ఇంగ్లీషు మాట రాసి ఉంది. "ఇది షవరు. సదువు" అన్నాడు దామోదరం. నాకెందుకు నేర్పిస్తావని ఆమె అడిగితే, ఒక్కణ్ణే పరుగెత్తి గెలిచినానంటే జనం నవ్వరా అన్నాడు. అప్పటి నుంచి రోజుకొక మాట, పన్నెండూ అయిపోతే మళ్లీ మొదటి నుంచి.

కాని పోటీకి దిగినవాడే పాఠం చెప్తానంటే ఎంతకని నమ్మడం? గదులూడ్చే మోహన, జాగ్రత్తక్కా, తప్పుడు అర్థాలు నేర్పిస్తాడు చూడు అని చెవిలో వేసింది. వసంతమ్మకూ ఆ అనుమానం లేకపోలేదు. ముఖ్యంగా లూఫా అన్న రోజున. లూఫా అంటే ఒళ్లు రుద్దుకునేది, అది ఏదో కాదు, మన బీరపీచే అన్నాడు దామోదరం. వసంతమ్మ కళ్లెర్రజేసింది. పెద్ద పెద్ద హోటళ్లలో దొరలు వాడేది బీరపీచా? మా అమ్మ దాంతో గిన్నెలు తోమేది. నన్ను పదిమందిలో నవ్వులపాలు చేయడానికి గదా ఇదంతా అని అడిగేసింది. దామోదరం కాలిన కనుబొమలు పైకెత్తి చూసి, మళ్లీ కట్టె ఎగదోశాడు. మూడురోజులు ఇద్దరికీ మాటల్లేవు. మూడురోజులూ ఇంగ్లీషు మాటలు, వాటి అర్థాలు మాత్రం బాయిలర్ మీద పడుతూనే ఉన్నాయి, ఆమె చదువుతూనే ఉంది.

నాలుగోనాడు పడిన మాట స్పాంజ్ బాత్. మంచం మీదున్న మనిషికి తడిబట్టతో ఒళ్లు తుడిచేదని దామోదరం చెప్తుంటే వసంతమ్మ బకెట్ అక్కడే పెట్టి కూర్చుండిపోయింది. మొగుడు పడిపోయిన ఎనిమిది నెలలూ ఆమె ఆ పని చేసింది. పొద్దున లాడ్జిలో నలభై బకెట్లు మోసి, ఇంటికి పోయి ఒక గిన్నెలో నీళ్లు కాచి, పాత పంచెముక్క తడిపి, మెడ దగ్గర మొదలుపెట్టి పాదాల దాకా. వీపు తుడిచేటప్పుడు ఆయన హాయిగా కళ్లు మూసుకునేవాడు. దానికొక పేరుందనీ, ఆ పేరు తెలిసినవాళ్లకు ఉద్యోగాలిస్తారనీ ఆమెకు తెలియదు. ఆ రోజు ఆమె దామోదరంతో మళ్లీ మాట్లాడింది. లూఫా సంగతి మాత్రం ఎత్తలేదు.

ఇవాళ ఎనిమిదిన్నరకు నాలుగో నంబరు గదిలోంచి పసిబిడ్డ ఏడుపు లాడ్జి కప్పు లేపేస్తోంది. నగరి నుంచి వచ్చిన మరమగ్గాల వాళ్లు. బిడ్డకు తొమ్మిదో నెల, కొండ మీద పుట్టువెంట్రుకలు తీయించాలి. తల్లి ఉదయలక్ష్మికి ఇరవై రెండేళ్లుంటాయేమో. ఇంటి దగ్గర నీళ్లు పోసే అత్తకు మోకాలు వాచి ఆమె రాలేదు. మొగుడు కింద జీపు మాట్లాడుతున్నాడు. పిల్ల కొత్త గీజర్ తిప్పి, చెయ్యి చురుక్కుమని, బిడ్డను చంకనేసుకుని బిడ్డతో పాటు తానూ ఏడుస్తోంది.

"ఇట్టియ్యి పాపా" అంది వసంతమ్మ.

బాయిలర్ నీళ్లు తెచ్చి, చన్నీళ్లు కలిపి, మోచేయి ముంచి చూసింది. ఇంకో చెంబు కలిపి మళ్లీ ముంచింది. అరచేతికి తెలియదు, అది కష్టపడి మొద్దుబారిపోయింది. పసిబిడ్డల నీళ్ల సంగతి మోచేతికే తెలుస్తుంది. చీర మోకాళ్ల దాకా మడిచి, పీట మీద కూర్చుని కాళ్లు చాపి, బిడ్డను కాళ్ల మీద బోర్లా వేసుకుంది. నూనె పట్టించి, సున్నిపిండితో నలుగు పెట్టి, నుదుటికి అరచెయ్యి అడ్డం పెట్టి కంట్లో చుక్క పడకుండా తల మీద ధారగా పోసింది. బిడ్డ మొదట కెవ్వుమన్నాడు. తర్వాత గురగురలాడాడు. తర్వాత ఆమె కాళ్ల మీదే పనికానిచ్చి బోసిగా నవ్వాడు. అదీ మంచిదేలే అంది వసంతమ్మ. ఉదయలక్ష్మి కళ్లు తుడుచుకుంటూ నవ్వింది.

తల్లి తెచ్చుకున్న సబ్బు కొంచెం తలకు రుద్దేసరికి తెల్లగా పొంగింది. బిడ్డ దాన్ని గుప్పిట్లో పట్టుకుని, గుప్పిట తెరిచి చూసి, ఏమీ లేకపోయేసరికి నిర్ఘాంతపోయాడు. వసంతమ్మ చేతులాగిపోయాయి.

"నురగ" అంది పైకే. "లాదరంటే నురగ. మా నాయనే, నువ్వు సెప్పినావు."

చివరి చెంబు నీళ్లు బిడ్డ చుట్టూ మూడుసార్లు తిప్పి దిష్టి తీసి, మెత్తటి పంచెలో చుట్టి తల్లి చేతిలో పెట్టింది. రేపటికి నువ్వే పోస్తావు, మోచెయ్యి మాత్రం మరిచిపోవద్దని చెప్పింది. ఉదయలక్ష్మి ఆమె చేత ఒకసారి తన మోచేతిని కూడా బకెట్‌లో మిగిలిన నీళ్లలో ముంచించుకుని, ఈ వేడేనా అని గుర్తుపెట్టుకుంది.

పదకొండు కొట్టింది. వసంతమ్మ వేరే చీర కట్టుకుని, తలకు నీళ్లద్ది దువ్వుకుని, కింది అంతస్తులో కొత్తగా తయారైన ఒకటో నంబరు స్నానాలగది ముందు నిలబడింది. స్నానానికి కూడా తీరికలేకపోయింది. హేమశ్రీ కుర్చీ వేసింది గాని ఆమె కూర్చోలేదు. ప్రతాప్ ముప్పై ఏళ్ల వాడు. చేతిలో కాగితం, జేబులో పెన్ను. మనిషి మర్యాదస్తుడే, కాని టైలు మీద బూటుకాళ్లతో నిలబడ్డాడు. ఆమె చూపు పదే పదే అటే పోయింది. దామోదరం లేడు. నాకంటే తర్వాత వస్తాడు కాబోలు, తెలిసినవాడికి తొందరేముందని అనుకుంది.

షవర్ అన్నాడు ప్రతాప్. చెప్పింది. చేతిషవర్, గీజర్, రిన్స్, స్క్రబ్ అన్నాడు. స్క్రబ్బంటే తోమడం, అయితే మనిషిని గిన్నెను తోమినట్టు తోమకూడదు అని కూడా కలిపింది. హేమశ్రీ నవ్వు ఆపుకుంది. లాదరనగానే నురగ అని ఎంత గట్టిగా చెప్పిందంటే ప్రతాప్ ఒక అడుగు వెనక్కి వేశాడు. బాత్ రోబ్ అంటే తువ్వాలుతో కుట్టిన కోటు. సోక్ అంటే నానడం. నడిచి కొండెక్కి దిగొచ్చాక కాళ్లు వేన్నీళ్లలో పెట్టుకుంటే దాన్ని సోక్ అంటారు అంది. స్పాంజ్ బాత్ అన్నప్పుడు మాత్రం గొంతు కొంచెం తగ్గింది. మెడ దగ్గర మొదలుపెట్టాల, నీళ్లు పక్కమీద కారకుండా గుడ్డ గట్టిగా పిండాల, వీపు దగ్గర తొందరపడగూడదు అని చెప్పింది. ప్రతాప్ రాయడం ఆపి ఆమెను చూశాడు. అతని కాగితం మీద అంత అర్థం లేదు.

ఆ తర్వాత అతను సంచిలోంచి ఏదో తీసి ఎత్తి చూపించాడు. ప్లాస్టిక్ కాగితంలో చుట్టి, రిబ్బను కట్టి, ముద్దుగా ఉంది. "ఇది లూఫా. తెలుగులో ఏమంటారు?"

వసంతమ్మ దగ్గరికి వంగి చూసింది. రిబ్బను చూస్తే బీరపీచులాగా లేదు. ఇంత అలంకారం చేసిన వస్తువును పట్టుకుని గిన్నెలు తోమే పీచు పేరు చెప్తే ఏమవుతుంది? మోహన మాటలు గుర్తుకొచ్చాయి. ఇదొక్కటీ తప్పు చెప్పించి ఉద్యోగం కొట్టేద్దామనుకున్నాడా? మరి లాదరు నిజమే చెప్పాడు. సోకు నిజమే చెప్పాడు. మాటల్లేని మూడురోజులూ రాయడం మానలేదు. ముప్పై ఏళ్లుగా నియమం తప్పకుండా ఒక్క బకెట్ ఎక్కువ పట్టుకోని మనిషి. ఆమె కళ్లు మూసుకుంది.

"బీరపీచు" అంది.

"కరెక్ట్" అన్నాడు ప్రతాప్.

వసంతమ్మకు ముందు నవ్వొచ్చింది. తర్వాత సిగ్గేసింది. పెరట్లోని చెట్టు వైద్యానికి పనికిరాదంటారు, పెరట్లోని మనిషిని కూడా నేను అట్లే చూసినాను గదా అనుకుంది. బయటికి పోగానే అతనికి చెప్పాలి. ఏం చెప్పాలో తర్వాత చూసుకోవచ్చు.

పదకొండోది లూక్‌వార్మ్. గోరువెచ్చన అని అర్థం తెలుసు, చెప్పింది కూడా. ప్రతాప్ సరేనని తలూపబోతే ఆమె ఊరుకోలేదు. మాట చెప్తే సరిపోదు సారూ అని, బకెట్‌లో నీళ్లు పట్టి, కలిపి, చొక్కా చెయ్యి మడవమంది. అతను మొహమాటపడుతూ మోచేయి ముంచాడు. వేడి ఉండాదా లేదా అని తెలియకుండా ఉండాల, అదే గోరువెచ్చన, పసిబిడ్డలకూ ముసలోళ్లకూ ఈ వేడే అంది. తడిసిన మోచేతితో నిలబడి ప్రతాప్ ఆ మాట రాసుకున్నాడు. మిగతా లాడ్జీల వాళ్లకు కూడా ఇదే చెప్తానన్నాడు.

పన్నెండోది మాత్రం ఎక్స్‌ఫోలియేట్, ఒంటి మీద చచ్చిన తోలు రుద్ది తీసెయ్యడం. వసంతమ్మ దాన్ని పలకడానికి కూడా ప్రయత్నించలేదు. మా దామోదరం అన్నకే అది నోరు తిరగలేదు సారూ, నాకేడొస్తాదని ఒప్పేసుకుంది. పన్నెండుకు పదకొండు. హేమశ్రీ చప్పట్లు కొట్టింది.

"ఇంక దామోదరం అన్నను పిలువు పాపా. నేను బయట కూర్చుంటా" అంది వసంతమ్మ.

హేమశ్రీ చప్పట్లు కొట్టిన చేతులు అలాగే పట్టుకుని నిలబడింది. దామోదరం రాడని చెప్పింది. పదిరోజుల కిందటే వచ్చి జాబితాలో తన పేరు కొట్టేయించుకున్నాడట. ఐరాలలో అన్నకొడుకు బెల్లం గానుగ పెట్టాడు, చెరకు రసం కాగబెట్టే పెనం కింద మంట చూసుకోవడానికి నమ్మకమైన మనిషి కావాలట. నిప్పు లేని చోట నాకేం పని అన్నాడట. ఇవాళ పదిన్నరకు జీతం తీసుకుని, సంచీ సర్దుకుని కాణిపాకం బస్సుకు పోయాడు.

"మరి నాకొక మాట సెప్పలేదే?" అంది వసంతమ్మ.

"చెప్పొద్దన్నాడు పెద్దమ్మా. పోటీ లేదంటే నువ్వు చదవవంట. మధ్యలో మానేసి ఇంట్లో కూర్చుంటావంట." అంది హేమశ్రీ. "నేనడిగినాను, ఉద్యోగం వదులుకుంటావా అని. నాకు ఇంటికాడ మనిషుండాది, ఆయమ్మకు మనుషులుండేది ఈడనే అన్నాడు."

వసంతమ్మ పెరట్లోకి నడిచింది.

బాయిలర్ కింద నిప్పు ఆరిపోయింది. బూడిద తీసి కుప్పచేసి, చుట్టూ ఊడ్చి నీళ్లు చల్లి ఉంది, మనిషి కూర్చునే చోట కూడా. బాయిలర్ పొట్ట మీద నెలరోజుల మాటల్ని శుభ్రంగా తుడిచేశాడు. లాడ్జి బకెట్లు పదిహేనూ గోడవారన బోర్లించి ఉన్నాయి. తడికల చాటున మాత్రం, ఆమె రోజూ చన్నీళ్లు పోసుకునే రాతి మీద, తీగ చుట్టిన ఇనప బకెట్ ఒక్కటి నిలబడి ఉంది. పైన సిబ్బి మూత. సిబ్బి చిల్లుల్లోంచి సన్నగా ఆవిరి. బకెట్ పొట్ట మీద, ముప్పై ఏళ్లుగా మిగతా బకెట్లకు గది నంబరు వేసే చోట, సుద్దతో తెలుగులో 'వసంతమ్మ' అని రాసి ఉంది.

ఆమె చాలాసేపు ఆ రాతనే చూసింది. లక్షల బకెట్లు మోసి ఉంటుంది ఆ చేతులతో. అందులో ఒక్కదాని మీద కూడా తన పేరు లేదని ఆమెకు మొట్టమొదటిసారి తెలిసింది. మూత తీసి, అలవాటుగా మోచెయ్యి ముంచింది. ఆ వేడికి ఒక్క చెంబు కూడా కలపనక్కర్లేదు. పొద్దున బస్సు టైము చూసుకుని, పరీక్ష టైము లెక్కవేసుకుని ఎంత కాగబెట్టాలో అంతే కాగబెట్టి పెట్టి పోయాడు మహానుభావుడు.

తడిక వేసుకుని తలారా స్నానం చేసింది. మొదటి చెంబుకు ఏడుపొచ్చింది. నీళ్లలో కలిసిపోయింది కాబట్టి ఎవరికీ తెలియదు. మూడో చెంబుకు వరలక్ష్మమ్మ గుర్తుకొచ్చింది. ముప్పై ఏళ్లు పక్షానికొకసారి చూసిన మొగుణ్ణి రేపటి నుంచి మూడుపూటలా చూడాలి గదా, ఆ తల్లి ఏం చేస్తుందో పాపం అనుకునేసరికి నవ్వాగలేదు. ఇక చెంబు మీద చెంబు, వీపు మీద, భుజాల మీద, దిగిపోయిన కుడిభుజం మీద ఇంకో రెండు ఎక్కువ. బకెట్ అడుగు కనిపించేదాకా తొందరపడలేదు. వచ్చే ఆదివారం కాణిపాకం బస్సెక్కి పోయి బెల్లం పాకం తినాలి, బీరపీచు మాట ముఖాన చెప్పి క్షమించమనాలి అని నిర్ణయించుకుంది.

హేమశ్రీ లోపలి నుంచి పిలిచింది, ఏడో నంబరులో ఎవరో షవర్ తిప్పి అరుస్తున్నారని. వస్తా ఉండానని చెప్పి వసంతమ్మ జుట్టు ముడేసుకుంది. పోబోయి ఆగింది. తాను వాడుకున్న బకెట్‌కు బదులు పోయనే లేదు. పోసినవాడికే పట్టుకునే హక్కు. ఇనప బకెట్ నిండా తొట్టిలో చన్నీళ్లు ముంచి, గరాటులో పోసి, ఖాళీ బకెట్ గొట్టం కింద పెట్టి మెట్ల వైపు నడిచింది.

నిప్పు లేకపోయినా బాయిలర్ కడుపులో వేడి ఇంకా మిగిలే ఉంది. గొట్టంలోంచి గోరువెచ్చని నీళ్లు సన్నగా జారి, తడికి సగం చెరిగిన సుద్దరాతతో ఆ ఇనప బకెట్ పెరట్లో నిదానంగా నిండుతూ ఉంది.